పాట కింద మాట

8 జూన్ 2008, ఆదివారం

ఇవాళ మా ఇంట్లో సర్వర్ ప్రతిష్ఠ జరిగింది. ప్రతిష్ఠ అనే అంటాను, అత్తయ్య నిజంగానే దానికి కుంకుమ బొట్టు పెట్టారు మరి. మానిటర్ లేని కంప్యూటర్. పూజగది పక్క గూట్లో కూర్చోబెట్టారు. అక్కణ్ణుంచి ఒక నీలం వైరు వంటింటి గుమ్మం మీదుగా, నా పప్పు డబ్బాల వెనకగా, హాల్లో టీవీ దాకా పాకింది. టీవీ పక్కన ఇంకో చిన్న నల్ల డబ్బా. ఇంట్లో ఉన్న పాత క్యాసెట్లూ ఫోటోలూ అన్నీ గూట్లో కంప్యూటర్లో ఉంటాయట. రిమోట్ నొక్కితే వైరు వెంట నడిచొచ్చి టీవీలో కనిపిస్తాయట. ఈయన టెలిఫోన్ల ఆఫీసులో ఇంజనీరు. ఎండాకాలమంతా సాయంత్రాలు క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించడంతోనే సరిపోయింది.

అందరం టీవీ ముందు కూర్చున్నాం. తెర మీద పేర్ల వరస వచ్చింది. అన్నీ ఈయన మొదటి భార్యవీ, వాళ్ళ పిల్లవీ. క్రాంతి పెళ్ళి. క్రాంతి సీమంతం. అలేఖ్య బారసాల. అలేఖ్య మొదటి పుట్టినరోజు. క్రాంతి, కాశీ.

"మన పెళ్ళి?" అన్నాను.

"నీది లైన్ల ఉంది సుచీ. వచ్చే వారం ఎక్కిస్త," అన్నారు ఈయన, రిమోట్ మీంచి కళ్ళు తీయకుండా.

నేను మంచినీళ్ళు అందించడానికి టీవీ ముందు నుంచి వెళ్తుంటే అత్తయ్య మెడ పక్కకి వంచి, "జర పక్కకు జరుగమ్మా, కోడలు కనిపిస్తలేదు," అన్నారు.

జరిగాను. ఏం చేయను, నా మొహం.

9 జూన్

కరెంటు పోయింది. సర్వర్ నడిచింది, టీవీ నడిచింది. వంటింట్లో ఫ్యాను ఆగింది. కొత్త ఇన్వర్టర్ ఎవరి కోసం కొన్నారో ఇప్పుడు అర్థమైంది.

15 జూన్, ఆదివారం

ఇవాళ పొద్దున్న నుంచీ క్రాంతి పెళ్ళే. పదమూడేళ్ళ కిందటిది. హుస్సేనీ ఆలంలో వీడియో షాపున్న జుల్ఫికర్ భాయ్ తీశాడట. మా పెళ్ళి కూడా ఆయనే తీశాడు, కాకపోతే మాది గంటలో అయిపోయింది. రెండో పెళ్ళికి అంతకంటే ఎక్కువ చేస్తే బాగుండదని అత్తయ్య అన్నారు.

ఆ రోజుల్లో పెళ్ళి వీడియోలంటే ఒకటే పద్ధతి. తీసిందంతా షాపుకి తీసుకెళ్ళి మిక్సింగ్ చేసేవాళ్ళు. అంటే మనుషుల మాటలన్నీ పీకేసి, మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు పోసేసేవాళ్ళు. పెళ్ళికూతురు గులాబీ పువ్వులో తిరుగుతుంది, పెళ్ళికొడుకు గుండె బొమ్మలోంచి తొంగి చూస్తాడు. మా బాపట్లలోనూ ఇంతే. క్రాంతి నోరు తెరిస్తే లోపల్నుంచి సినిమా పాట వస్తుంది. పెళ్ళీ అంతే, సీమంతమూ అంతే, పిల్ల పుట్టినరోజూ అంతే. గంటలకొద్దీ మనిషి ఉంది. ఒక్క మాట లేదు.

అలేఖ్యకి రెండేళ్ళు దాటాక క్రాంతి కామెర్లతో పోయింది. ఆ పిల్లకి తల్లి మొహం తెలుసు, నడక తెలుసు, కొంగు దోపుకునే తీరు తెలుసు. గొంతు తెలియదు.

"డాడీ, అమ్మ గొంతు ఎట్లుండె?" అని అడిగింది ఇవాళ.

ఈయన చాలాసేపు ఆలోచించి, "మంచిగుండె బేటా. మస్తు మెత్తగ," అన్నారు. గుర్తు లేదని నాకు తెలిసిపోయింది. గుర్తున్న మనిషి అంతసేపు ఆలోచించడు.

"కోయిల," అన్నారు అత్తయ్య. "మా క్రాంతి ఒక్కనాడు గొంతు లేపలె. ఈ గోడలకు కూడ ఎర్కలేదు దాని గొంతు."

అని నా వైపు చూశారు. నేను అంతకు ముందే పాలవాడితో గట్టిగా మాట్లాడి వచ్చాను. చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అనలేదు. ఇక్కడ గొంతు కూడా చారెడే.

నన్ను మాత్రం ఆ పిల్ల ఏమీ అడగదు. మా వైపు పిన్ని అంటారు, ఇక్కడ చిన్నమ్మ అంటారు. ఏదైనా నాకు పర్వాలేదని పెళ్ళయిన కొత్తలోనే చెప్పాను. మూడేళ్ళయింది. పిల్ల ఏదీ అనదు. పని పడితే ఎదురుగా వచ్చి నిలబడుతుంది. జడ వేయాలంటే దువ్వెన చేతికిచ్చి వెనక్కి తిరుగుతుంది.

నాకేం బాధ లేదు. ఊరికే రాస్తున్నాను.

24 జూన్

అత్తయ్య సంతోష్‌నగర్ మార్కెట్టుకి, ఈయన ఆఫీసుకి. నాకు జలుబని మా ఆఫీసులో సెలవు పెట్టాను. పిల్లకి ఇవాళ స్కూలు ఒంటిపూటే. టీవీ దగ్గర నుంచి "ఇగో... ఆగిపోయింది" అని కేక. వెళ్తే తెర మీద క్రాంతి సగం నవ్వుతో బిగుసుకుపోయి ఉంది, మధ్యలో గుండ్రటిది తిరుగుతోంది. వైరు ఎక్కడో వదులైంది. నల్ల డబ్బా ఆపి మళ్ళీ పెట్టాను. వచ్చింది.

వెళ్ళిపోబోతుంటే, "ఇక్కడ ఏమంటున్నదో చూడు," అంది. సీమంతం భోజనాలు. క్రాంతి కొసరి వడ్డిస్తూ ఏదో అంటోంది. పిల్ల ఆ ముక్కని వెనక్కి తిప్పింది, మళ్ళీ తిప్పింది. పెదాలు చూసి మాటలు పట్టుకోవాలని దీని తాపత్రయం. ఎన్నాళ్ళ నుంచి చేస్తోందో ఈ పని!

"నెయ్యి," అన్నాను. "నెయ్యి వేయమంటోంది."

"కాదు, 'వెయ్యి' అంటున్నది."

"ఏం వెయ్యి?"

"నెయ్యి!" అని తనే నవ్వేసింది. నేనూ నవ్వాను. ఇద్దరం సోఫాలో పక్కపక్కనే కూర్చుని భోజనాలన్నీ చూశాం. అప్పడం అంది, చాలు చాలు అంది, ఇంకెవరినో వెధవా అంది. నాకు ఇష్టం వచ్చినట్టు చెప్పాను, పిల్ల నమ్మింది. గేటు చప్పుడైంది. అత్తయ్య. పిల్ల ఆ చివరికి జరిగిపోయింది.

జరిగితే జరిగింది. పక్కన కూర్చున్నది మాత్రం నిజం.

6 జూలై, ఆదివారం

నా పెళ్ళి క్యాసెట్టు కనిపించింది. బీరువా మీద, ఇన్వర్టర్ అట్టపెట్టె కింద. తెల్లగా బూజు పట్టి ఉంది. లైన్లో ఉందట! ఏ లైన్లో? రేషన్ షాపు లైను కూడా ఇంతకంటే ముందు కదులుతుంది.

ఈయన్ని అడగను. నేనే జుల్ఫికర్ భాయ్ దగ్గరికి పట్టుకెళ్తాను.

12 జూలై, శనివారం

ఆఫీసు నుంచి సరాసరి హుస్సేనీ ఆలం వెళ్ళాను. జుల్ఫికర్ భాయ్ షాపు ఇప్పుడు సగం పాస్‌పోర్ట్ ఫోటోలు, సగం సెల్ రీచార్జి. లోపల కంప్యూటర్ ముందు ఆయన కూతురు మాహిరా. డిగ్రీ చదువుతోందట, డిస్కులు చేసేదంతా ఆ అమ్మాయే.

"మీరు భరద్వాజ్ సాబ్ రెండో..." అని మొదలుపెట్టి నాలుక కరుచుకున్నాడు ఆయన. "మేడమ్ కదా! కూసోండమ్మా, కూసోండి. మాహిరా, చాయ్ చెప్పు బేటీ."

నా క్యాసెట్టు మూత తెరిచి వాసన చూశాడు. "ఫంగస్ పట్టింది. కోషిష్ చేస్త. ఉంచి పోండి."

షాపు నిండా గోనెసంచులు. వాటినిండా పాత క్యాసెట్లు. ఇంటాయన ఖాళీ చేయమంటున్నాడని, అవన్నీ చెత్తకి వేసేస్తున్నానని చెప్పాడు. "ఒరిజినల్స్ అమ్మా. మిక్సింగ్ చెయ్యంగ ముందు తీసినవి. ఇప్పుడు ఎవ్వరికి కావాలె?"

నాకు వెంటనే తట్టింది. "వీటిలో మాటలుంటాయా?"

"అయ్యో, ఆవాజ్ అంతా ఉంటది. మైకు కెమెరాకే ఉంటది కదా. దగ్గర నిలబడ్డోళ్ళ గొంతు ఇంకా సాఫ్‌గ వస్తది."

క్రాంతి పెళ్ళిది ఉందా అని అడిగాను. లేదు. పెళ్ళి క్యాసెట్ల మీద మళ్ళీ ఇంకో పెళ్ళి తీసేసేవాళ్ళట, ఖర్చు కలిసొస్తుందని. క్రాంతి పెళ్ళి మీద శాలిబండ వాళ్ళ పెళ్ళో, ఇంకెవరిదో. సంచులన్నీ తిరగేస్తే చివరికి ఒక్కటి దొరికింది. అలేఖ్య మొదటి పుట్టినరోజు.

"డిస్కు చేసి పెట్టనా అమ్మా?"

పెట్టమన్నాను.

19 జూలై, శనివారం

విన్నాను. మాహిరా చెవులకి పెట్టుకునేది ఇచ్చింది, షాపులోనే కూర్చుని విన్నాను.

కోయిలట! బొంగురు గొంతు. బొంగురే కాదు, పెద్దది. మా వీధిలో కూరగాయల బండి చంద్రమ్మ కేకేస్తే మూడు సందులకి వినబడుతుంది, అచ్చం అలా ఉంది. పాట తీసేస్తే కింద ఇంత మనిషి ఉందా అనిపించింది.

కెమెరా బెలూన్ల మీద ఉంటే పక్కనుంచి క్రాంతి: "ఎన్ని చేతులున్నయి నాకు? మీ అమ్మకు చెప్పు, పూరీలు నేను చెయ్య. పొద్దుగాల నుంచి పొయ్యి కాడనే నిలబడ్డ." ఈయన గొంతు, సన్నగా: "మెల్లగ మాట్లాడు, చుట్టాలు వింటరు." "విననీ! ఈ ఇంట్ల ఫ్యాను కూడ మీ దిక్కే తిరుగుతది. నా దిక్కు ఎవ్వరు తిప్పిండ్రు?"

నేను పకపకా నవ్వాను. మాహిరా తిరిగి చూసింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. ఫ్యాను! ఎంత చక్కగా అన్నావమ్మా క్రాంతీ! పదేళ్ళ కింద అదే వంటిల్లు, అదే ఉక్క, అదే పొయ్యి. ఒక్కనాడు గొంతు లేపలేదట మహాతల్లి. నేను పాలవాడితో మాట్లాడితే గోడలు బీటలు వారతాయని మూడేళ్ళుగా వింటున్నాను.

ఆఫీసులో పని ఉందని మిగతాది వినకుండా వచ్చేశాను. వచ్చే నెల పదిహేడున పిల్ల పుట్టినరోజు. పదకొండు నిండుతాయి. ఆ రోజు చుట్టాలందరి ముందు, ఆ సర్వర్ మీదే, ఆ టీవీలోనే ఇది పెడతాను. పిల్లకి తల్లి గొంతు కావాలి. నేనే తెచ్చిస్తాను. ఇంకెవరూ ఇవ్వలేనిది.

అత్తయ్య మొహం ఎలా ఉంటుందో అనేది వేరే సంగతి.

20 జూలై

పిల్ల కోసమే.

27 జూలై, ఆదివారం

లాల్‌దర్వాజా బోనాలు. డప్పులకి కిటికీ అద్దాలు అదురుతున్నాయి. అత్తయ్య టీవీ సౌండు ఇంకా పెంచి క్రాంతి కాశీ యాత్ర చూశారు. "ఎంత ఓపికనో దానికి" అంటూ.

చూడండి, చూడండి.

2 ఆగస్టు, శనివారం

మిగతా సగం ఇవాళ విన్నాను. వినకపోతేనే బాగుండేది.

కేకు కోసే ముందు. కెమెరా కేకు మీదే ఉంది, దాని మీద అలేఖ్య పేరు, ఒక కొవ్వొత్తి. మనుషులెవరూ కనబడరు. మైకు పక్కనే క్రాంతి ఉన్నట్టుంది, చంకలో పిల్ల ఏడుస్తోంది. ఎవరో ఆడమనిషితో మాట్లాడుతోంది. ఆవిడ ఎవరో తెలియదు.

"ఈ పిల్ల లేకుంటే నేను ఎప్పుడో మా ఊరికి పోయి చదువుకుంటుంటి. ఇది పుట్టింది, నా కాళ్ళకు బేడీలు పడ్డయి."

"ఛీ, గట్లనకు," అంది అవతలావిడ.

"అనకుంటే అబద్ధమైతదా?"

అంతే. తర్వాత అందరూ పుట్టినరోజు పాట పాడారు. అందరికంటే గట్టిగా, శ్రుతి లేకుండా, క్రాంతే పాడింది. ముద్దు పెట్టుకున్న చప్పుడు కూడా ఉంది.

ఏ తల్లి అనలేదు ఇలాంటి మాట? మా అమ్మ నన్ను ఇంతకంటే పెద్దవే అంది, అని మళ్ళీ కలిపి ముద్ద పెట్టింది. కానీ నాకు ఆ ముద్ద ఉంది. ఈ పిల్లకి ఏముంది? ఇన్నేళ్ళ నుంచీ పెదాలు చూసి మాటలు వెతుక్కుంటోంది. మొట్టమొదట చెవిన పడేది బేడీల మాటా?

మొత్తం పెట్టడం మానేద్దామనుకున్నాను. గొంతు తెచ్చి చేతిలో పెట్టుకుని, మళ్ళీ దాచేయడానికి మనసొప్పలేదు. జుల్ఫికర్ భాయ్‌కి చెప్పాను, ఆ ముక్క వినబడకూడదని. కోసేస్తే బొమ్మ ఎగురుతుంది, తెలిసిపోతుందన్నాడు.

"ఫికర్ చెయ్యకండమ్మా. గాడ ఒక పాట ఏసేద్దాం. అప్పట్ల అంతా గదే కదా చేసినం. మాహిరా, కోయీ భీ గానా డాల్ దే బేటీ, కేక్ వాలీ జగహ్ పర్."

కేకు మీద ఏదో ఒక పాట. ఎవరికీ అనుమానం రాదు. అప్పటి వీడియోలన్నీ అలాంటివే కదా. నేను ఇంటికి త్వరగా పోవాలి, మాహిరా చేస్తుంటే వినకుండానే డిస్కు పట్టుకొచ్చేశాను.

లేచేటప్పుడు ఆయన అడిగాడు. "అమ్మా, సాస్ గురించి, పూరీల గురించి ఉన్నది కదా... గది?"

"అది ఉండనీ," అన్నాను. అందులో పిల్లకి తగిలేదేముంది?

అసలు క్యాసెట్టు కూడా తెచ్చుకున్నాను. మినప్పప్పు డబ్బా వెనక, నీలం వైరు పక్కన పెట్టాను.

9 ఆగస్టు, శనివారం

డిస్కు ఈయనకిచ్చి సర్వర్లో వేయమన్నాను, పుట్టినరోజు దాకా చూడొద్దని ఒట్టు వేయించుకున్నాను. "సుచీ, నీకు కూడ ఇంట్రెస్ట్ వచ్చిందన్నమాట!" అని ఎంత సంతోషపడ్డారో. పాపం అనిపించింది. కాసేపే.

17 ఆగస్టు, ఆదివారం

అయింది.

కేకు కోశాక అందరినీ కూర్చోబెట్టాను. ఈయన మేనత్తలు, వాళ్ళ పిల్లలు, చుట్టుపక్కల వాళ్ళు, హాలు కిటకిట. అలేఖ్య రిమోట్ నొక్కింది. బెలూన్లు వచ్చాయి. పాట రాలేదు. గిన్నెల చప్పుడు వచ్చింది. ఎవరో దగ్గారు. ఆ తర్వాత ఆ గొంతు. "ఎన్ని చేతులున్నయి నాకు?"

పిల్ల లేచి నిలబడింది. టీవీ దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, స్పీకరున్న చోట అరచెయ్యి పెట్టింది.

పూరీల మాట రాగానే ఒక మేనత్త కిసుక్కున నవ్వింది. ఫ్యాను మాటకి ఇంకో ఇద్దరు. అత్తయ్య మొహం మాడిపోయింది. నేను చూశాను. నిజం రాసుకోవాలి కదా, చూడటానికే కూర్చున్నాను, కడుపారా చూశాను.

"గిది క్రాంతి గొంతు కాదు," అన్నారు అత్తయ్య. "ఎవర్తోనో చెప్పిచ్చినవ్ నువ్వు. పైసలిచ్చి చెప్పిచ్చినవ్. చచ్చినోళ్ళ మీద కూడ కుళ్ళేనా?"

"అమ్మా," అన్నారు ఈయన. "గది క్రాంతే." అని లేచి బయటికి వెళ్ళి, చెప్పుల్లేకుండా గేటు దగ్గర నిలబడ్డారు. మెత్తగా ఉండేదని చెప్పిన మనిషి. ఇప్పుడు గుర్తొచ్చి ఉంటుంది.

కేకు దగ్గర పాట మోగింది, కాస్త హుషారుగా. ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత శ్రుతి లేని పుట్టినరోజు పాట, ముద్దు చప్పుడు. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే నా చెయ్యి పట్టుకుని, "ఇంకోసారి పెట్టు," అంది.

పెట్టాను. చెయ్యి వదల్లేదు.

19 ఆగస్టు

అత్తయ్య నాతో మాట్లాడటం లేదు. ఈయన నా కళ్ళలోకి చూడటం లేదు. పిల్ల నా చేత జడ వేయించుకుంటూ, "అమ్మ మస్తు గట్టిగ మాట్లాడుతుండె కదా!" అంది గర్వంగా. తనూ గొంతు బొంగురు చేసుకుని మాట్లాడుతోంది. స్కూల్లో టీచరు జలుబా అని అడిగిందట.

ఇల్లంతా మాట్లాడకపోయినా సరే. నాకిది చాలు.

23 ఆగస్టు, శనివారం

పిల్ల పొద్దున్న నుంచీ కేకు దగ్గరే ఆపి వింటోంది. వెనక్కి, ముందుకి, వెనక్కి. వంటింట్లోకి ఆ పాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. మొదటిసారి సరిగ్గా విన్నాను. ఎక్కడో విన్న పాటలా ఉంది.

24 ఆగస్టు, ఆదివారం

ఎక్కడో ఏమిటి, ప్రతి ఆటోలో వింటున్నాను. ఈ ఎండాకాలం వచ్చిన సినిమాలోది. మాహిరాకి ఇష్టమైన పాట అయి ఉంటుంది. ఏదో ఒక పాట వేయమన్నాడు తండ్రి, వేసింది. తొంభై ఎనిమిదిలో తీసిన కేకు మీద, మొన్న మేలో వచ్చిన పాట. నేనైనా ఒక్కసారి వినొద్దా? కొరివితో తల గోక్కున్నాను.

భోజనాలయ్యాక పిల్ల వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"చిన్నమ్మా."

చేతిలో గరిటె జారిపోయింది. మూడేళ్ళు. మూడేళ్ళుగా ఎదురుచూసిన పిలుపు. నేను పిచ్చిదాన్నిలా నవ్వుతూ తిరిగాను.

"చిన్నమ్మా, ఈ పాట మొన్ననే వచ్చింది. నా ఫస్ట్ బర్త్‌డేల ఏడికెల్లి వచ్చింది?"

గరిటె తీయడానికి వంగాను.

"నువ్వే పెట్టిచ్చినవ్. అంతట అమ్మ గొంతున్నది, గాడ ఒక్కటే పాట ఉన్నది. గాడ అమ్మ నన్ను ఏమో అన్నది. మంచిగ అన్నది. నువ్వు అది నాకు వినొద్దని చేసినవ్."

ఈయన వెనకే వచ్చారు. "ఏం సుచీ, నిజమేనా?" అత్తయ్య పూజగది గుమ్మం దగ్గర నిలబడి వింటున్నారు.

మినప్పప్పు డబ్బా నా మోచేతి దగ్గరే ఉంది. దాని వెనక క్యాసెట్టు. తీసి ముందు పడేస్తే క్షణంలో తేలిపోతుంది. ఎవరు ఎవరికి ఏం చేశారో, ఎవరికి కుళ్ళో. నా చెయ్యి డబ్బా మీదికి వెళ్ళింది కూడా.

"అమ్మ ఏమన్నది?" అంది పిల్ల. "చెప్పు చిన్నమ్మా. నన్ను బంగారం అన్నదా?"

డబ్బా మూత బిగించాను.

"అవును, నేనే పెట్టించాను," అన్నాను.

"ఎందుకు?" అన్నారు ఈయన.

"ఎందుకేమిటి? ఆవిడ ముద్దులు వినలేకపోయాను. చాలా?"

"చూసినవ్ రా?" అన్నారు అత్తయ్య. "నేను చెప్తే ఇనకపోతివి."

పిల్ల ఏడవలేదు. నన్ను కింద నుంచి పైదాకా చూసి, "చిన్నమ్మ అంటే గిట్లనే ఉంటరని అందరు చెప్పిండ్రు," అంది.

ఇంత రాశాక ఒక్కటి ఒప్పుకోవాలి. అత్తయ్య గురించిన ముక్క ఉంచమన్నది నేనే. అది కూడా పాట కింద పోయుంటే మొత్తం పాటే ఉండేది, గొంతే ఉండేది కాదు, పిల్లకి అనుమానమూ ఉండేది కాదు. అయినా ఇప్పటికీ ఆ పూరీల మాట తలుచుకుంటే నవ్వొస్తోంది. ఏం మనిషిని నేను!

30 ఆగస్టు, శనివారం

క్యాసెట్టు చేతిసంచిలో వేసుకుని హుస్సేనీ ఆలం వెళ్ళాను. సంగతి విని జుల్ఫికర్ భాయ్ తల పట్టుకున్నాడు. "నా తప్పే అమ్మా. పాత పాట చెప్పాల్సింది. మాహిరా చిన్నపిల్ల, దానికి ఏం ఎర్క. నేను వచ్చి భరద్వాజ్ సాబ్‌కు చెప్తా, అసలు సంగతి ఏందో..."

"మీరు రావద్దు," అన్నాను. "దీని మీద ఇంకేదైనా ఎక్కించండి. నా ముందరే."

"ఇప్పుడు క్యాసెట్ల మీద పెళ్ళిళ్ళు ఎవరు తీస్తరమ్మా?"

"పెళ్ళే అక్కర్లేదు. టీవీలో ఏమొస్తుంటే అది."

టీవీలో ఏదో సీరియల్ వస్తోంది, ఒకావిడ నగలన్నీ పెట్టుకుని ఏడుస్తోంది. అదే ఎక్కించాడు. నేను కుర్చీలో కూర్చుని చూశాను. బెలూన్లు పోయి ఉంటాయి ఈపాటికి, పూరీలు పోయి ఉంటాయి, కేకు పోయి ఉంటుంది అని లెక్క వేసుకుంటూ చాయ్ తాగాను. మాహిరా దూరంగా నిలబడి చున్నీ కొస నలుపుకుంటోంది. ఆ పిల్లనేం అనను?

నా పెళ్ళి క్యాసెట్టు సంగతి ఆయనే ఎత్తాడు. రాలేదట. రీలు అతుక్కుపోయింది, లాగితే తెగిపోయింది. తీసుకెళ్తారా అని అడిగాడు. ఆ గోనెసంచిలోనే వేయమన్నాను.

13 సెప్టెంబర్, శనివారం

ఇప్పుడు రోజుకి పదిసార్లు చిన్నమ్మ. చిన్నమ్మ జడ గట్టిగ లాగుతది. చిన్నమ్మ చారుల ఉప్పెక్కువ. చిన్నమ్మ ఉన్నదిర, మెల్లగ మాట్లాడు. ఎదురుచూసిన పిలుపే. దేవుడు ఇచ్చాడు, ఇలా ఇచ్చాడు.

రేపు వినాయక నిమజ్జనం. వీధి మంటపంలో పొద్దున్న నుంచీ అదే పాట మోగుతోంది. ఇంట్లో ఈయన కొత్త హార్డ్ డిస్కు కొనుక్కొచ్చి గూడు దగ్గర కూర్చున్నారు, సర్వర్లో అన్నిటికీ ఇంకో కాపీ ఉండాలట, ఏదీ పోకూడదట.

పిల్ల టీవీ ముందు. బెలూన్లు, పూరీలు, ఫ్యాను. కేకు దగ్గరికి రాగానే సౌండు పూర్తిగా తగ్గించేస్తుంది. తగ్గించి, బొంగురు గొంతు పెట్టుకుని, ఆ చోట తనే మాట్లాడుతుంది. రోజుకో మాట. మొన్న "నా బంగారు తల్లి" అంది. నిన్న "దీనికి దిష్టి తియ్యాలె" అంది. నేను ఉల్లిపాయలు తరుగుతూ వింటుంటాను. వినకూడదనే అనుకుంటాను.

ఇవాళ అంది: "ఈ పిల్ల ఉన్నది కదా, నాకింకేం కావాలె? నేను యాడికీ పోను."

పోపు మాడింది. పొయ్యి ఆపాను.

"చిన్నమ్మా! ఆగిపోయింది!" హాల్లోంచి కేక. తెర మీద కేకు, మధ్యలో గుండ్రటిది తిరుగుతోంది. పిల్ల నా మొహం చూడకుండా రిమోట్ చాపింది. నల్ల డబ్బా ఆపి మళ్ళీ పెట్టాను. మొదటి నుంచి వచ్చింది.